స్టాంపింగ్ అనే చిన్న మాట వెనుక

పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో సెలవుల కాలం వచ్చిందంటే ‘స్టాంపింగ్’ అనే మాట వినపడుతూనే ఉంటుంది. ‘డిసెంబరులో వస్తున్నారు, పెళ్లి చూసుకుంటారు, స్టాంపింగూ అయిపోతుంది’ అని గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఫోను పెట్టేసిన తల్లి పక్కింటివాళ్లకు చెబుతుంది. ఆ మాట వింటే ఎప్పుడో మంజూరైపోయిన కాగితం మీద చివరగా పడే ముద్ర గుర్తొస్తుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలన్నీ అయ్యాక గుమస్తా కొట్టే సీలు లాంటిది. అందుకే దాని గురించి చేసే ఆలోచన కూడా అంతవరకే ఉంటుంది: స్లాట్ దొరికిందా, టికెట్లు తీశామా, ఫొటో సైజు సరిపోయిందా. కానీ అమెరికాలో ఉంటూనే వేరే కోవ నుంచి విద్యార్థి స్టేటస్‌కు మారినవాళ్లను ఈ మాట తప్పుదారి పట్టిస్తుంది. వాళ్లు ఆ తర్వాత మొదటిసారి ఇండియాకు వచ్చి కాన్సులేట్ కిటికీ ముందు నిలబడినప్పుడు, జీవితంలో మొదటిసారిగా విద్యార్థి వీసా అడుగుతున్నారు. అంతకుముందు అమెరికాలో వచ్చిన ఆమోదం వేరే శాఖ వేరే ప్రశ్నకు ఇచ్చిన జవాబు. ఈ సంగతి స్టేటస్ మారిపోయాక తెలిస్తే ఆలస్యమైనట్టే. మార్చుకోవాలని అనుకున్న రోజే తెలియాలి, నిర్ణయం దాన్నిబట్టే జరగాలి.

వీసా, స్టేటస్ అనే మాటలను మనం ఒకదానికి బదులు ఒకటి వాడేస్తుంటాం. చట్టంలో అవి రెండూ వేరు. పాస్‌పోర్టులో అతికించే వీసా, అమెరికా విమానాశ్రయంలో అధికారి ముందుకు వెళ్లి లోపలికి రానివ్వమని అడగడానికి పనికొచ్చే పత్రం. దాన్ని ఇచ్చేది అమెరికా విదేశాంగ శాఖ. ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, అది దొరికేది ఆ దేశం బయట ఉన్న ఎంబసీల్లో, కాన్సులేట్లలోనే. లోపలికి వచ్చాక ఏ హోదాలో, ఎంతకాలం ఉండవచ్చో చెప్పేది స్టేటస్. దానికి రుజువు ఐ-94 అనే రికార్డు. అది హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పరిధిలోని విషయం. ఆ శాఖలో భాగమైన యూఎస్‌సీఐఎస్‌కు ఐ-539 ఫారం పెట్టుకుంటే, అర్హత ఉన్నవాళ్లు దేశం దాటకుండానే డిపెండెంట్ నుంచి విద్యార్థిగా మారవచ్చు. పాస్‌పోర్టులో ఉన్న పాత వీసా గడువు తీరిపోయినా ఇబ్బంది లేదు. స్టేటస్ సక్రమంగా ఉన్నంతకాలం చదువు సాగుతుంది. గడప లోపల కూర్చోవడానికి స్టేటస్ చాలు. గడప దాటి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాలంటేనే వీసా కావాలి.

ఈ తేడా ఆమోదపత్రంలోనే అచ్చయి ఉంటుంది. స్టేటస్ మార్పు మంజూరైతే ఐ-797ఏ అనే కాగితం ఇంటికొస్తుంది. కాగితం కింది భాగంలో కొత్త ఐ-94 ఉంటుంది, విడదీసి దాచుకోవడానికి వీలుగా. విద్యార్థి అయితే గడువు తేదీ ఉండాల్సిన చోట తేదీకి బదులు ‘డీ/ఎస్’ అనే రెండక్షరాలు కనిపించడం ఇంతకాలంగా ఉన్న పద్ధతి. చదువు నియమాల ప్రకారం సాగినంతకాలం ఉండవచ్చని దాని అర్థం. ఇంట్లో అందరి కళ్లూ ఆ అక్షరాల దగ్గరే ఆగిపోతాయి. కానీ అదే కాగితం మీద, ఇది వీసా కాదు, వీసాకు బదులుగా వాడడానికి పనికిరాదు అనే వాక్యం కూడా ఉంటుంది. ఆ వాక్యాన్ని ఎవరూ దాచిపెట్టలేదు, పెద్ద అక్షరాల్లోనే ఉంది. అయినా నెలల తరబడి ఎదురుచూసి ఆమోదం అందుకున్న కుటుంబం ఆ సంతోషంలో దాన్ని చదవదు. ఇండియా విమానం ఎక్కి దేశం దాటగానే ఆ ఐ-94 పని ముగుస్తుంది. మళ్లీ విద్యార్థిగా రావాలంటే కొత్త వీసా కావాలి. డిపెండెంట్‌గా తీసుకున్న పాత హెచ్-4 వీసాకు ఇంకా గడువుందని దానితోనే తిరిగి వస్తే, లోపలికి రానిచ్చేది హెచ్-4గానే. అంటే మార్చుకున్న స్టేటస్ పోయి మొదటికొచ్చినట్టు. 21 ఏళ్లు నిండిన పిల్లలకు ఆ దారి కూడా ఉండదు.

విదేశీ విద్యార్థుల లెక్కలు చెప్పే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వాళ్లలో ఇండియాలోనే వీసా తీసుకుని వెళ్లేవాళ్ల దారి అందరికీ తెలుసు. అక్కడే మారేవాళ్ల దారి గురించి మన భాషలో చెప్పేవాళ్లు తక్కువ. ఇలా మారాల్సిన అవసరం ముఖ్యంగా రెండు రకాల వాళ్లకు వస్తుంది. మొదటివాళ్లు పిల్లలు. తండ్రో తల్లో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వెళ్తే వెంట హెచ్-4 మీద వెళ్లిన పిల్లలకు ఆ హోదా 21వ పుట్టినరోజు వరకే. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా సాధారణంగా ఏడాదికి 7 శాతమే అన్న పరిమితి 1990 చట్టం నుంచి నడుస్తోంది. అందువల్ల మనవాళ్ల క్యూ ఏళ్ల తరబడి సాగుతుంది. క్యూ కదిలేలోపు పిల్లలు పెద్దవాళ్లవుతారు, డిగ్రీ మధ్యలో విద్యార్థి కోవ అయిన ఎఫ్-1కు మారాల్సి వస్తుంది. రెండోవాళ్లు భార్యాభర్తల్లో డిపెండెంట్‌గా వెళ్లినవాళ్లు, మన ఇళ్లలో ఎక్కువగా భార్యలు. 2015 నుంచి హెచ్-4లో ఉన్న కొందరికి ఉద్యోగ అనుమతి ఇస్తున్నారు. కానీ అది భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన తర్వాతి మాట. చదువైతే హెచ్-4 మీదా చదువుకోవచ్చు. చదివాక ఉద్యోగం చేయాలంటే ఎఫ్-1 ఉపయోగపడుతుంది. చదివిన రంగంలో పనిచేయనిచ్చే 12 నెలల ఓపీటీ అనుమతి, సైన్స్, ఇంజినీరింగ్ వంటి కోర్సులకు మరో 24 నెలల పొడిగింపు దాంతో వస్తాయి. ఈ ఇద్దరివీ న్యాయమైన అవసరాలే, ఇద్దరిదీ చట్టబద్ధమైన దారే.

అయితే ఈ దారిలో మన కుటుంబాలు అలవాటుపడని ఒక మలుపు ఉంది. అమెరికా వలస చట్టంలో 214(బి) అనే నిబంధన ప్రకారం తాత్కాలిక వీసా అడిగే ప్రతి మనిషినీ, అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నాడనే ముందుగా అనుకోవాలి. అలా కాదని అధికారికి నమ్మకం కలిగించాల్సిన భారం దరఖాస్తుదారుడిదే. హెచ్-1బి ఉద్యోగులపై, వాళ్ల వెంట హెచ్-4 మీద వెళ్లేవాళ్లపై ఆ భారం మోపరు. గ్రీన్ కార్డు కోసం క్యూలో ఉన్నామని చెప్పినా వాళ్లకు వీసా ఆగదు. ఎఫ్-1కు ఆ మినహాయింపు లేదు. చిన్నప్పటి నుంచి రెండు మూడుసార్లు హెచ్-4 వీసా ఏ ఇబ్బందీ లేకుండా తీసుకున్న అమ్మాయి, ఇరవై ఒకటో ఏట ఎఫ్-1 కోసం అదే కాన్సులేట్‌కు వస్తే, ‘చదువయ్యాక ఏం చేస్తావు’ అనే ప్రశ్న మొదటిసారి ఎదురవుతుంది. అధికారి చేతిలో ఆమె నింపిన డీఎస్-160 ఫారం ఉంటుంది. తండ్రి అమెరికాలో ఉన్నారా, ఏ హోదాలో ఉన్నారు, తల్లి ఉన్నారా, తల్లిదండ్రులు కాక దగ్గరి బంధువులు ఎవరైనా ఉన్నారా, మీ తరఫున ఎవరైనా ఎప్పుడైనా శాశ్వత నివాసం కోసం పిటిషన్ వేశారా అని ఆ ఫారం ఒక్కొక్కటిగా అడుగుతుంది. ఆ జవాబులన్నీ ఒకచోట చేర్చి చూస్తే ఆమె జీవితం మొత్తం అమెరికాలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. ‘స్టాంపింగ్’ అన్న మాట ఆమెను ఈ సంభాషణకు సిద్ధం చేయదు.

‘యూఎస్‌సీఐఎస్ అన్నీ చూసే కదా ఆమోదించింది, అదే ప్రభుత్వానికి చెందిన మరో ఆఫీసు కాదంటుందా’ అని చాలామంది అడుగుతారు. అడగడంలో తప్పు లేదు, మామూలు బుద్ధికి అలాగే తోస్తుంది. యూఎస్‌సీఐఎస్ సాధారణంగా కాగితాలు చూసి నిర్ణయిస్తుంది: దరఖాస్తు నాటికి స్టేటస్ సక్రమంగా ఉందా, విద్యాసంస్థ ఐ-20 అనే అర్హత పత్రం ఇచ్చిందా, ఫీజులకు, ఖర్చులకు డబ్బుందా. కాన్సులేట్ అధికారి మనిషిని ఎదురుగా చూసి తన నిర్ణయం తాను తీసుకుంటాడు. ముందు వచ్చిన ఆమోదానికి అతను కట్టుబడి ఉండాల్సిన పని లేదు. 214(బి) కింద వీసా నిరాకరిస్తే పైన అప్పీలు చేసుకునే ఏర్పాటు లేదు. మళ్లీ 185 డాలర్ల ఫీజు కట్టి కొత్తగా దరఖాస్తు చేసుకోవడమే. అమెరికా కోర్టులు కూడా కాన్సులర్ నిర్ణయాల్లో దాదాపుగా వేలుపెట్టవు. 2024 జూన్‌లో మునోజ్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే మరోసారి నిలబెట్టింది. అది అమెరికా పౌరురాలి భర్తకు వీసా నిరాకరించిన కేసు. పౌరురాలి భర్త విషయంలోనే అలా ఉంటే, విద్యార్థికి కోర్టు అండగా నిలుస్తుందని ఆశ పెట్టుకోలేం. అలాగని అక్కడి ఆమోదం వృథా కాదు. నియమాలు తప్పకుండా ఉన్నానని, ఒక హోదా నుంచి మరో హోదాకు చెప్పిచేసి మారానని చూపే మంచి రుజువు అది. రుజువుగా దాని విలువ పెద్దదే. హామీగా మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అలాంటప్పుడు అక్కడ మారడమే మానేసి, ముందే ఇండియాకు వచ్చి ఎఫ్-1 వీసా తీసుకుని వెళ్లడం మేలు కదా అనే వాదన వస్తుంది. కొందరికి అదే మేలు. రెండు దారుల్లోనూ కాన్సులేట్ ప్రశ్న తప్పదు. అది ఎప్పుడు ఎదురవుతుందన్నదే తేడా. ముందే వీసాకు వచ్చినవాళ్లకు నిరాకరణ ఎదురైతే, హెచ్-4 గడువు ఇంకా మిగిలి ఉంటే దాని మీద తిరిగి వెళ్లి వేరే ఆలోచన చేసుకునే వీలుండవచ్చు. అక్కడ మారిపోయి రెండేళ్లు చదివాక వచ్చినవాళ్లకు అదే నిరాకరణ ఎదురైతే సగం డిగ్రీ, అద్దె ఇల్లు, కట్టిన ఫీజు అన్నీ అక్కడే ఉండిపోతాయి. మరోవైపు, 21వ పుట్టినరోజు దగ్గరపడినవాళ్లకు సెమిస్టరు మధ్యలో రావడం కుదరదు. వాళ్లకు అక్కడ మారడమే దారి. ఆ దారి ఇప్పుడు కొంత సులువైంది కూడా. కోర్సు మొదలయ్యేదాకా పాత స్టేటస్‌ను పొడిగించుకుంటూ వరుసగా దరఖాస్తులు పెట్టాల్సిన బాధను 2021 జూలైలో యూఎస్‌సీఐఎస్ తొలగించింది. 2023 జూన్ నుంచి అదనపు రుసుముతో త్వరగా పరిశీలించే ప్రీమియం సదుపాయం కూడా వచ్చింది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు: దరఖాస్తు పెండింగులో ఉండగా దేశం దాటితే స్టేటస్ మార్పు కోరికను వదులుకున్నట్టే లెక్క. తాతయ్యకు ఒంట్లో బాగాలేదని తెల్లారేసరికి విమానం ఎక్కే కుటుంబాలు మనవి. ఆ పరిస్థితి వస్తే ఏం చేయాలో దరఖాస్తు వేసే ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

టూరిస్టుగా వెళ్లి విద్యార్థిగా మారే బి-2 వాళ్ల కథ వేరు. డిపెండెంట్ల విషయంలో స్టేటస్ మార్పు ఒక సహజమైన మలుపు. వయసు పెరిగింది, హోదా మారింది. టూరిస్టు విషయంలో ఆ మార్పే అనుమానానికి మూలమవుతుంది. చూడ్డానికి వెళ్తున్నానని కాన్సులేట్‌లో చెప్పి వెళ్లిన మనిషి చదువుకోవడానికి ఉండిపోతే, వెళ్లే రోజునే ఆ ఉద్దేశం ఉందా అన్న ప్రశ్న తర్వాత ఎప్పుడు వీసాకు వచ్చినా లేస్తుంది. దీనికి విదేశాంగ శాఖ అధికారులు 2017 నుంచి 90 రోజుల కొలత ఒకటి వాడుతున్నారు. దేశంలో అడుగుపెట్టిన 90 రోజుల్లోపు, వచ్చిన హోదాకు పొసగని పని చేస్తే, అనుమతి లేకుండా చదువు మొదలుపెట్టడం లాంటివి, వచ్చేటప్పుడే అబద్ధం చెప్పారని అనుకోవడానికి అది ఆధారమవుతుంది. బి-2లో ఉన్నవాళ్లు ఎఫ్-1 ఆమోదం చేతికి రాకముందు కోర్సులో చేరకూడదు. అబద్ధం చెప్పారని తేలితే వీసాపై పడే నిషేధానికి గడువంటూ ఉండదు, అది జీవితకాలపుది. అందువల్ల చదువు ఉద్దేశం ముందే ఉంటే టూరిస్టుగా వెళ్లి తర్వాత చూసుకుందామనే సలహా ఎవరిచ్చినా వినకూడదు.

ఆ నిషేధం భయం డిపెండెంట్లకూ వర్తించే ఒక సందర్భం ఉంది. ‘నాన్న గ్రీన్ కార్డు సంగతి ఎత్తకు, అడిగితే తెలియదని చెప్పు’ అని కన్సల్టెన్సీల్లో, ఫోన్ గ్రూపుల్లో సలహాలు తిరుగుతుంటాయి. ఆ సలహా ఇచ్చేవాళ్లకు పోయేదేమీ లేదు. తండ్రి గ్రీన్ కార్డు కోసం వేసిన ఐ-140 పిటిషన్ అమెరికా ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది, కాన్సులేట్‌కు తెలియకుండా ఉండేది కాదు. తండ్రి కోసం ఆయన కంపెనీ వేసిన పిటిషన్‌ను ఫారంలోని ఏ ప్రశ్న కింద ఎలా చెప్పాలో ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగి తెలుసుకోవడం అవసరమే. కానీ సూటిగా అడిగినప్పుడు దాచడం ఎవరికీ మంచిది కాదు. నిజం చెప్పినంత మాత్రాన వీసా పోదు. 214(బి) కింద ఈ రోజు నిరాకరణ వచ్చినా రేపు మళ్లీ అడగవచ్చు. అబద్ధం చెప్పారని ముద్ర పడితే ఆ తలుపు మూసుకుపోతుంది. నిజంగా పనికొచ్చే సన్నాహం వేరే ఉంది. హెచ్-4 నుంచి ఎఫ్-1కు ఎందుకు మారాల్సి వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. ఐ-797ఏ, పాత కొత్త ఐ-94లు, ప్రయాణానికి విద్యాసంస్థ సంతకం చేసిన ఐ-20, విద్యార్థుల రికార్డు వ్యవస్థ సెవిస్‌కు కట్టే 350 డాలర్ల ఫీజు రసీదు, మార్కుల జాబితాలు, ఇప్పటిదాకా కట్టిన ఫీజుల లెక్క, ఇకముందు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపే పత్రాలు ఒక వరుసలో ఉండాలి. చదువు పూర్తయ్యాక ఆ డిగ్రీతో ఇండియాలో ఏయే దారులున్నాయో తనంతట తాను ఆలోచించి ఉండాలి. ఇరవై ఏళ్ల మనిషికి ఆస్తులు, ఉద్యోగం ఉండవని అధికారులకూ తెలుసు. బట్టీపట్టిన సమాధానానికీ సొంత ఆలోచనకూ తేడా మాత్రం రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

చదువు అయ్యేదాకా దేశం దాటకుండా ఉంటే ఈ గొడవే లేదు కదా అనవచ్చు. అది చట్టం ఒప్పుకునే మార్గమే, చాలామంది అలా గడిపేస్తున్నారు కూడా. కెనడాకో మెక్సికోకో 30 రోజులు మించకుండా వెళ్లి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. స్టేటస్ మార్చుకున్నవాళ్ల పాత వీసాను, గడువు తీరినా సరే, కొత్త కోవకు మారినట్టుగా లెక్కించి లోపలికి రానిస్తారు. ఆ ప్రయాణంలో కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు చేస్తే ఆ వెసులుబాటు పోతుంది. ఇండియా ప్రయాణానికి అదేమీ ఉపయోగపడదు. పైగా ఇదివరకు వెళ్లొచ్చినవాళ్ల అనుభవం ఇప్పటివాళ్లకు పనికిరాకుండా పోయింది. 2024లో, గతంలో హెచ్-4 వీసా ఉన్నవాళ్లలో చాలామందికి ఇంటర్వ్యూ లేకుండా, కాగితాలు మాత్రమే ఇచ్చే డ్రాప్‌బాక్స్ పద్ధతిలోనే ఎఫ్-1 వీసా అడిగే వీలుండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి దాదాపు అందరూ స్వయంగా ఇంటర్వ్యూకు రావాల్సిందే. అదే నెల 6న, సొంత దేశంలోనో నివాసమున్న దేశంలోనో మాత్రమే దరఖాస్తు చేయాలని విదేశాంగ శాఖ ప్రకటించింది. మూడో దేశానికి వెళ్లి పని ముగించుకునే పద్ధతి దాంతో మూతపడింది. అంతకుముందు జూన్ నుంచి విద్యార్థులు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనపడేలా ఉంచాలన్న షరతు వచ్చింది. అన్నయ్య మూడేళ్ల కిందట పది రోజుల్లో వెళ్లొచ్చాడని చెల్లెలు కూడా పది రోజులకే టికెట్ తీసుకుంటే, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అదనపు పరిశీలన అని ఒక చీటీ చేతికిచ్చిన రోజున సెమిస్టరు మొదలైపోతుంది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. నాలుగేళ్ల వయసులో తల్లిదండ్రుల వెంట వెళ్లి, అక్కడే అక్షరాలు దిద్ది, అక్కడే పెరిగిన బిడ్డను పట్టుకుని, నీకు ఇండియాతో ఉన్న బంధం నిరూపించు అనడం ఏం న్యాయం? న్యాయం కాదు. ఆ బిడ్డ ఏ నియమమూ తప్పలేదు. తల్లిదండ్రులు పన్నులు కట్టారు, క్యూలో నిలబడ్డారు. క్యూ కదలకపోవడం వాళ్ల తప్పు కాదు. ఇలాంటి పిల్లలకు శాశ్వత నివాసం దారి చూపే అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అనే బిల్లును 2021లో ఒకసారి, 2023లో మరోసారి ఆ దేశ చట్టసభల్లో ప్రవేశపెట్టారు. రెండుసార్లూ అది చట్టం కాలేదు. దాని కోసం గట్టిగా అడగాల్సిందే, అక్కడి తెలుగు సంఘాలు వేడుకలకు పెట్టే శ్రద్ధలో కొంత ఈ పిల్లల కోసం పెట్టాల్సిందే. కానీ ఆ అన్యాయాన్ని సరిచేసే అధికారం కాన్సులేట్ కిటికీ వెనక కూర్చున్న మనిషికి లేదు. అతని ముందున్నది ఇప్పుడున్న చట్టం. ఆ కిటికీ దగ్గర మన కోపం బిడ్డకు సాయపడదు, మన సన్నాహం సాయపడుతుంది.

అందుకే ఐ-539 మీద సంతకం చేసే ముందు ఆ కుటుంబం కూర్చుని కొన్ని సంగతులు రాసుకోవాలి. చదువు పూర్తయ్యేలోపు ఇండియాకు తప్పనిసరిగా రావాల్సిన సందర్భాలు ఏమున్నాయి? వస్తే సెమిస్టర్ల మధ్య ఎన్ని వారాల వ్యవధి ఉంటుంది? వీసా ఆలస్యమైనా, రాకపోయినా ఆ చదువు సంగతేమిటి, విద్యాసంస్థ సెలవు ఇస్తుందా, ఇక్కడ ఎవరింట్లో ఉండాలి? 21వ పుట్టినరోజుకు ఇంకా సమయం ఉండి, వేసవి సెలవులు ఖాళీగా ఉంటే, ముందే వచ్చి వీసా అడగడం మేలేమో? ఈ ప్రశ్నలకు ఇంటికో జవాబు ఉంటుంది. అన్ని ఇళ్లకూ సరిపోయేది మాత్రం ఒకటి ఉంది: ఇకమీదట స్టేటస్ మారిన పిల్లలు ఇంటికొస్తుంటే ‘స్టాంపింగ్‌కు వస్తున్నారు’ అనొద్దు, ‘వీసా అడగడానికి వస్తున్నారు’ అందాం. అలా అనుకున్న ఇంట్లో టికెట్ తీసే ముందే కాగితాలు బయటికొస్తాయి, ఆ బిడ్డ ఏం చెప్పాలనుకుంటోందో ముందు ఇంట్లోవాళ్లే కూర్చుని వింటారు.